ఇంటిగుట్టు – శరణధర్మము



మన తెలుగునాట "ఇంటిగుట్టు లంకకు చేటు" అను సామెత కలదు. ఇంటిలోని మాట వీధికెక్కరాదని చెప్పుటకు పెద్దలు దీనిని వాడుదురు. అత్తవారింట దెబ్బలు తిని పుట్టింటి గడప తొక్కిన ఆడపడుచునకు మొట్టమొదట వినబడు బోధ ఇదియే. "నలుగురికి తెలిసిన పరువు పోవును, సర్దుకొనిపొమ్ము తల్లీ" అని తల్లి కన్నీరు తుడుచుకొనుచు చెప్పును. తండ్రి నాలుగు దినములు ఆగి, చీర పెట్టి, తానే వెంటబెట్టుకొనిపోయి దిగబెట్టి వచ్చును. ఆ చీర కొంగు క్రింద మానని దెబ్బ ఉన్నదని తల్లికిని తెలియును, తండ్రికిని తెలియును.

ఈ సామెతను ఒక్కసారి నిదానించి విచారింతము. లంకకు చేటు తెచ్చినది విభీషణుని నోరా, రావణుని చేతయా? ఒక స్త్రీని ఆమె యిష్టమునకు విరుద్ధముగా నిర్బంధించి, కావలి పెట్టి, భయపెట్టిన నాడే లంకకు చేటు మూడినది. విభీషణుడు గుట్టు విప్పకపోయినను ఆ పాపము పండక మానదు. అంతేకాక విభీషణుడు మొదట బయటివారికి చెప్పలేదు. అన్నకే చెప్పెను, సభలోనే చెప్పెను. విని దిద్దుకొనువారు లేకపోవుటచేత వెడలివచ్చెను. గుట్టు బయటపడుట చేటు కాదు. గుట్టుగా దాచవలసిన దుష్కార్యము ఇంటిలో జరుగుటయే చేటు.

నేటి ప్రసంగమునకు సారము ఇదియే. ఇంటిలో హింసకు గురియైన స్త్రీ తిరిగి కోలుకొనుటకు మొదటి మెట్టు తన నోట ఆ గుట్టు విప్పుట. ఆమె విప్పిన గుట్టును అనుమానింపక వినుట, విని ఆమెను తగిన సహాయము చెంతకు చేర్చుట, ఆమె నిలదొక్కుకొనువరకు వెంట నుండుట శరణసమాజమునకు విధి.

మన ఇండ్లలోని మాట

ఇది ఎక్కడనో, ఎవరి యింటనో జరుగు విషయమని కొందరు తలంపవచ్చును. భారత ప్రభుత్వము 2019–21 సంవత్సరములలో ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిపించినది. 18 నుండి 49 ఏండ్ల వయస్సు గల, పెండ్లియైన స్త్రీలలో భర్తచేత హింసకు గురియైనవారు దేశమంతట సుమారు 29 శాతము. ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతము, తెలంగాణలో సుమారు 37 శాతము. అనగా మన సభలో కూర్చున్న పెండ్లియైన ప్రతి పదిమంది స్త్రీలలో ముగ్గురో నలుగురో ఈ బాధ ఎరిగినవారు కావచ్చును. దేహహింసకో లైంగికహింసకో గురియైన స్త్రీలలో ఎవరినైనను సహాయము కోరినవారు దేశమున సుమారు 14 శాతమే. తక్కినవారు గుట్టుగా ఉండిపోయిరి.

ఇంతకంటె దుఃఖకరమైన సంఖ్య మరియొకటి కలదు. భర్తకు చెప్పక బయటికి పోవుట, ఎదురు మాటలాడుట, వంట సరిగా చేయకపోవుట, అత్తమామలను గౌరవింపకపోవుట మొదలైన కారణములు చెప్పి, వీనిలో ఏదేని యొక దానికై భర్త భార్యను కొట్టుట తగునా అని ఆ సర్వేలో ప్రశ్నించిరి. తగునని చెప్పిన స్త్రీలు మన రెండు రాష్ట్రములలోను నూటికి ఎనుబది ముగ్గురికి పైగా ఉన్నారు. కొట్టువాడు మాత్రమే కాదు, దెబ్బ తిను ఆమెయు అది న్యాయమని నమ్ముచున్నది. చేతికి వేసిన సంకెలను చూచి ఇది సంకెల యని ఎవరైనను చెప్పగలరు. మనస్సునకు వేసిన సంకెలను నగ యని పిలుచుట చిన్ననాటనే నేర్పుచున్నాము. నేర్పినది ఎవరు? తల్లులము, తండ్రులము, గురువులము, మనమే.

లింగము ధరించిన శరీరము

ఇష్టలింగధారణ మన మతమున స్త్రీపురుషుల కిరువురకును సమానము. దీక్షాకాలమున గురువు శిష్యుని కరస్థలమున ఉంచిన లింగమునకును, శిష్యురాలి కరస్థలమున ఉంచిన లింగమునకును భేదము లేదు. స్త్రీ యనెడి కారణమున ఆమెకు పూజాధికారము తగ్గలేదు. రజస్సూతకము మొదలుగా గల పంచసూతకములను శరణులు త్రోసిపుచ్చిరి. లింగము ధరించిన దేహము లింగమునకు ఆలయమని మనము నమ్ముదుము.

అట్లయినచో ఒక ప్రశ్న. ఉదయమున స్నానమాడి, విభూతి దాల్చి, కరస్థలమున లింగము నుంచుకొని పూజించిన చేయి, సాయంకాలమున అదే లింగమును ధరించిన భార్య చెంపపై పడినచో, ఉదయము చేసిన పూజ ఎవరికి చెందును? గుడి గోడపై రాయి విసిరినవానిని ఊరంతయు నిలదీయును. నడచు గుడిపై చేయి వేసినవానిని "ఆలుమగల నడుమ మనమేల" అని విడిచిపెట్టుట ఏ ఆచారము?

పంచాచారములలో గణాచారము ఒకటి. శివునకును శివభక్తులకును జరుగు అవమానమును చూచి యూరకుండరాదనుట దాని తాత్పర్యము. భార్యయు శివభక్తురాలే కదా! బయటివాడు చేసిన నింద గణాచారమునకు తగిలి, ఇంటివాడు చేసిన హింస దానికి తగులకుండుట ఎట్లు? దయను ధర్మమునకు పునాదిగా నిలిపిన బసవేశ్వరుని పేరు చెప్పుకొను ఇంటిలో దయ మొదట ఎవరికి దక్కవలెను? ఆ ఇంటనే అన్నము వండి పెట్టు ఆమెకు దక్కవలెను.

శరణసతి – లింగపతి యను భావమును మన పెద్దలు బోధించిరి. లింగము పతి, భక్తుడు సతి. ఆ దృష్టితో చూచినచో ప్రతి పురుషుడును సతియే. తన దినచర్యలో దొరలిన ప్రతి లోపమునకును పతియైన లింగము తనను దండింపవలెనని ఏ భక్తుడును కోరడు. క్షమను, కరుణను, సహనమును కోరును. లింగపతి యెదుట సతిగా తాను కోరుకొను కరుణను, ఇంటిలో పతిగా తాను ఇయ్యజాలనివాడు ఆ భావమును నోట మాత్రమే పలికినవాడు.

లక్కమ్మ మాట, అక్క బాట

పన్నెండవ శతాబ్దమున కల్యాణనగరమున ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ యను దంపతు లుండిరి. రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. అక్కరకు మించినది ఆశయే యగునని చెప్పి లక్కమ్మ ఆ బియ్యమును తిరిగి అక్కడనే పోసిరమ్మనెను. మారయ్య ఎదురాడక పోసివచ్చెను. భర్త తప్పును భార్య ముఖాముఖిగా చెప్పినది, భర్త విన్నాడు. ఆ మాట చెప్పినందుకు లక్కమ్మను శరణులు గయ్యాళి యనలేదు, మహాశరణి యనిరి. ఎదురు మాటలాడినదని భార్యను కొట్టుట తగునని నేడు చెప్పువారు లక్కమ్మను ఏ వరుసలో కూర్చుండబెట్టుదురు?

అక్కమహాదేవి కథ మనకందరకు తెలిసినదే. హరిహర కవి కథనము ప్రకారము ఆమె కౌశికునితో కొన్ని నియమములు పెట్టి ఆతని యింట అడుగిడినది. ఆ నియమములు భంగమైనప్పుడు ఆ యింటిని విడిచి వెడలినది. అక్క చరిత్ర గృహహింస కథ కాదు. ఆమె బయలుదేరినది చెన్నమల్లికార్జునుని వెదకుకొనుచు. ఆమె వైరాగ్యమును సామాన్య గృహిణి కష్టముతో సమానము చేయరాదు. అయినను ఆ చరిత్రలో మన సమాజము నేర్చుకొనవలసినది ఒకటి కలదు. ఇల్లు విడిచి ఒంటరిగా వచ్చిన ఆ స్త్రీని కల్యాణమున అనుభవమంటపము వారు ఎట్లు ఎదుర్కొనిరి? అల్లమప్రభువు ప్రశ్నలు కఠినములే. కాని సమాధానము ఆమె నోటనే వినిరి. ఆమె బదులు ఆమె తండ్రిని గాని కౌశికుని గాని పిలిచి అడుగలేదు. విన్న పిమ్మట, వయస్సున చిన్నదైనను, అక్కయని గౌరవించిరి. అక్కడినుండి ఆమె శ్రీశైలమునకు, కదళీవనమునకు తన బాటన తాను నడచినది. వినుటకు ఒక సభ, నిలుచుటకు ఒక చోటు, నడచుటకు తన బాట. కష్టములోనున్న స్త్రీకి నేటికిని కావలసినవి ఈ మూడే.

హింస యనగా నేమి? ఆమె ఏల వెడలిపోదు?

కొట్టుటయే హింస యని అనేకులు తలంతురు. గృహహింస నుండి మహిళలకు రక్షణ కల్పించు చట్టము 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుండి అమలులో నున్నది. ఆ చట్టము నాలుగు విధములైన హింసను గుర్తించినది. శరీరమును గాయపరచుట ఒకటి. లైంగికముగా అవమానించుట రెండవది. తిట్టుట, ఎగతాళి చేయుట, బిడ్డలు లేరనియో మగబిడ్డ లేడనియో దెప్పుట, బెదరించుట మూడవది. ఇంటి ఖర్చునకు ఇయ్యకపోవుట, ఆమె సంపాదనను, స్త్రీధనమును లాగుకొనుట నాలుగవది. ఒక్క దెబ్బయు కొట్టకయే భార్యను నిత్యము వణికించు భర్తలు కలరు. వారికిని ఈ చట్టము వర్తించును. భార్యకే కాక తల్లికి, తోబుట్టువునకు, కుమార్తెకు, కోడలికి, ఒకే యింట బంధుత్వముతో కలిసి యున్న స్త్రీలకు ఇది రక్షణ.

"అంత బాధయైనచో ఎప్పుడో వెడలిపోయెడిది కదా" అని కొందరు తేలికగా పలుకుదురు. లెనోర్ వాకర్ అను అమెరికా మనస్తత్త్వవేత్త ఇట్టి స్త్రీల అనుభవములను సేకరించి 1979లో ఒక గ్రంథము ప్రకటించినది. హింస ఒక చక్రమువలె తిరుగునని ఆమె వివరించెను. మొదట ఇంటిలో ఉద్రిక్తత పెరుగును. గిన్నె చప్పుడైనను భయము. తరువాత దెబ్బలు పడును. ఆ పిమ్మట భర్త ఏడ్చును, ఒట్టు పెట్టుకొనును, పూలు తెచ్చును, బిడ్డలను ఎత్తుకొనును. ఈ మూడవ దశను చూచియే భార్య మరల నమ్మును, పుట్టింటివారును నమ్ముదురు. కొన్నాళ్లకు చక్రము మరల మొదటికి వచ్చును. అన్ని ఇండ్లలోను ఇట్లే జరుగునని చెప్పరాదు. కాని ఇది తెలిసినవారు ఆమెను "బుద్ధిలేనిది" అని నిందింపరు. ఆమెకు చేతిలో డబ్బు లేదు, బిడ్డలు చిన్నవారు, పుట్టింట చోటు లేదు. వెడలిపోవుదునన్న మాట వినిన భర్త మరింత క్రూరుడగుటయు కలదు. విడిపోవు సమయము మిక్కిలి ప్రమాదకరమైన సమయమని ఈ రంగమున పనిచేయువారందరును చెప్పుదురు. కనుక ఆవేశమున గాక, ఆలోచనతో, తోడుతో అడుగు వేయవలెను.

త్రాగుడు వలన కొట్టెనని చెప్పుట మరియొక సాకు. త్రాగినవాడు ఠాణాలో చేయి ఎత్తడు. జీతమిచ్చు యజమానిపై ఎత్తడు. ఇంటికి వచ్చి భార్యపై ఎత్తును. ఎవరిపై ఎత్తవచ్చునో ఎవరిపై ఎత్తరాదో మత్తులోను అతనికి తెలిసియే యున్నది. త్రాగుడునకు చికిత్స కావలసినదే. కాని అది హింసకు క్షమాపణ కాదు.

పంచాయితీ వేరు, కౌన్సెలింగు వేరు

మన కులపెద్దలు పంచాయితీ చేసి ఆలుమగలను కలుపుటను పుణ్యకార్యముగా భావింతురు. వారి సదుద్దేశమును శంకింపను. కాని ఆ సభలో ఏమి జరుగుచున్నదో చూడుడు. అరుగుపై పదిమంది పురుషులు కూర్చుందురు. ఆమె స్తంభము చాటున నిలుచును. "నీవేమి చేసితివి, అతనికేల కోపము వచ్చెను" అనునది మొదటి ప్రశ్న. "ఇకమీదట కొట్టను" అని అతడొక మాట యనును. తాంబూలము ఇచ్చి పంపుదురు. ఆ రాత్రి ఆ యింట ఏమి జరుగునో పంచాయితీకి అక్కరలేదు.

కౌన్సెలింగు అను మాట నేడు పల్లెలకును చేరినది. దానిని సలహా చెప్పుట యని గాని, సర్దిచెప్పుట యని గాని పొరబడరాదు. 2005 చట్టము క్రింద మేజిస్ట్రేటు దంపతులను విడివిడిగా గాని కలిపి గాని కౌన్సెలింగునకు పంపవచ్చును. దానికై 2006లో చేసిన నియమములు మన పెద్దలందరును చదువదగినవి. కౌన్సెలరు ఇరుపక్షములకు బంధువు కారాదు. సాధ్యమైనంతవరకు స్త్రీయై యుండవలెను. అన్నిటికంటె ముఖ్యమైన నియమము ఒకటి కలదు. తాను ఏల కొట్టవలసి వచ్చెనో సమర్థించుకొనుటకు అక్కడ అవకాశము లేదని భర్తకు ముందుగానే తెలుపవలెను. "నీవేమి చేసితివి" అను ప్రశ్నతో ఆరంభమగు మన పంచాయితీకిని, ఈ నియమమునకును ఎంత దూరమున్నదో ఆలోచింపుడు. రాజీ ఆమె కోరినచోనే. ఆమె కోరనిచో ఆమెను ఒత్తిడి చేయరాదు.

సహాయము దొరకు చోట్లు

అమ్మలారా! ఈ మాటలను మీకొరకే కాక మీ పొరుగింటి ఆడపడుచు కొరకును గుర్తుంచుకొనుడు.

అపాయము ముంచుకొనివచ్చినప్పుడు 112 సంఖ్యకు ఫోను చేసినచో పోలీసు సహాయము అందును. స్త్రీల కొరకే యున్న సహాయ సంఖ్య 181. ఇది రాత్రింబవళ్లు పనిచేయును. హింసకు గురియైన స్త్రీలకు ఒకే చోట అన్ని సహాయములు అందవలెనని కేంద్ర ప్రభుత్వము 2015లో సఖి యను పేర వన్ స్టాప్ సెంటర్ల పథకము ఆరంభించినది. అక్కడ వైద్యసహాయము, పోలీసు సహాయము, న్యాయసలహా, కౌన్సెలింగు లభించును. ఇంటికి పోలేని స్థితిలో ఐదు దినముల వరకు తలదాచుకొను వసతియు ఉండును. అంతకు మించి ఆశ్రయము కావలసినవారికి శక్తిసదనములను గృహములు కలవు.

2005 చట్టము క్రింద రక్షణాధికారులు నియమింపబడియున్నారు. వారు స్త్రీ చెప్పిన సంగతులను నివేదికగా వ్రాసి మేజిస్ట్రేటునకు పంపుదురు. కొట్టరాదని, ఆమె ఉన్న చోటికి రారాదని ఉత్తరువు పొందవచ్చును. పోషణకును, వైద్యపు ఖర్చునకును ధనము, బిడ్డల సంరక్షణ, నష్టపరిహారము కోరవచ్చును. ఇల్లు తన పేర లేకున్నను ఆ యింట నివసించు హక్కు ఆమెకు కలదు. ఆమెను వీధిలోనికి నెట్టరాదు. రక్షణ ఉత్తరువును ధిక్కరించినవానికి ఒక సంవత్సరము వరకు జైలు గాని, 20,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఇది గాక, భర్తయు అతని బంధువులును చేయు క్రూరత్వమును శిక్షించు నిబంధన 1983లో 498-ఎ సెక్షనుగా శిక్షాస్మృతిలో చేరినది. 2024 జూలై 1 నుండి అది భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షనులుగా నున్నది.

వకీలునకు ఇచ్చుటకు డబ్బు లేదను భయము వలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీకి, ఆమె ఆదాయము ఎంతయైనను, ఉచిత న్యాయసహాయము పొందు అర్హత కలదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను గాని, 15100 సంఖ్యను గాని అడుగవచ్చును. మనస్సు చెదరి నిద్ర పట్టనప్పుడు, చనిపోవలెనను తలంపు వచ్చినప్పుడు 14416 సంఖ్యకు ఫోను చేసినచో టెలీ మానస్ సేవలో శిక్షణ పొందినవారు తెలుగులోను మాటలాడుదురు. ఈ సేవ 2022లో ఆరంభమైనది.

ఇల్లు విడువవలసిన అవసరము కలుగునని తోచినప్పుడు ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకము, బిడ్డల చదువు కాగితములు, మందుల చీటీలు, కొంత డబ్బు ఒక నమ్మకమైన చోట ముందుగా ఉంచుకొనుట మంచిది. దెబ్బలకు చికిత్స చేయించుకొన్న కాగితమును పారవేయరాదు. రేపు అదియే సాక్ష్యము.

పొరుగువారికి ఒక మాట. ఇట్టి హింస జరుగుచున్నదని తెలిసిన ఎవరైనను రక్షణాధికారికి తెలుపవచ్చునని చట్టము చెప్పుచున్నది. మంచి మనస్సుతో తెలిపినవారిపై ఏ కేసును నిలువదు. గోడ ఆవల ఏడ్పు వినుచు టీవీ శబ్దము పెంచుకొనువానికి భృత్యాచారము తెలియదు.

కోలుకొనుట యనగా

ఇల్లు మారిన మరుక్షణమున గాయము మానదు. జూడిత్ హెర్మన్ అను మనోవైద్యురాలు 1992లో ప్రకటించిన గ్రంథమున కోలుకొనుటకు మూడు దశలు చెప్పినది. మొదటిది క్షేమము. రెండవది జరిగినదానిని స్మరించి దుఃఖించుట. మూడవది తిరిగి నలుగురితో కలియుట.

మొదటి దశలో ఆమెకు ధర్మోపన్యాసము అక్కరలేదు. తలుపు గడియ చప్పుడునకు ఉలికిపడకుండ నిద్రించుటయే అప్పటికి ఆమె సాధింపవలసినది. భయము లేక తినిన మొదటి ముద్ద ఆమెకు నిజమైన ప్రసాదము. దానిని ఆమె నెమ్మదిగా తిననిండు.

రెండవ దశలో ఆమె చెప్పినదే చెప్పును. ఒకనాడు భర్తను తిట్టును. మరునాడు అతడు అన్నము తినెనో లేదో యని ఏడ్చును. చూచువారికి ఇది వింతగా తోచును. కౌన్సెలరు దీనిని వింతగా చూడదు. మధ్యలో తీర్పు చెప్పక, తొందరపెట్టక వినును. "ఇది నీ తప్పు కాదు" అను మాట ఆమె చెవిన కాదు, మనస్సున పడువరకు వినును. కొందరికి నెలలు పట్టును, కొందరికి సంవత్సరములు పట్టును. నిద్రకో, ఆందోళనకో వైద్యుని మందు అవసరమైనచో అది సిగ్గుపడవలసినది కాదు.

మూడవ దశ కాయకముతో ముడిపడినది. పదేండ్లు ప్రతి విషయమును మరియొకరు నిర్ణయించిన స్త్రీ, సంతకు పోయి వంకాయలు కొనవలెనా బెండకాయలు కొనవలెనా యని దిక్కుతోచక నిలుచుట కలదు. చిన్న నిర్ణయములు తానే చేయుట, కుట్టుపనియో, వంటపనియో, ఉద్యోగమో తన చేతుల పనితో నాలుగు రూపాయలు తెచ్చుట, వానిని తన పేర దాచుకొనుట, ఇవి ఆమెకు మందులు. శరణులు కాయకమును పూజతో సమానముగా నెంచుటకు అర్థము ఇట్టి స్త్రీ ముఖమున కనబడును. ఒకరి దయపై బ్రతుకని మనిషి తల ఎత్తును.

పిల్లలను మరువరాదు. ముప్పది యేండ్లుగా తరగతి గదిలో నుండువానిగా ఒక మాట చెప్పెదను. బల్లపై డస్టరు పడిన చప్పుడునకు అందరు పిల్లలు నవ్వుదురు. ఒకడు మాత్రము చేయి తలకడ్డము పెట్టుకొనును. వాని యింట ఏమి జరుగుచున్నదో ఆ చేయి చెప్పును. వానిని మరింత దండించు గురువు వాని తండ్రికి తోడైనవాడు. మెల్లగా చేరదీసి, తల్లితో మాటలాడి, సహాయపు దారి చూపినవాడు గురువు. పిల్లల కొరకైనను కలిసి ఉండుమని మనము చెప్పుదుము. ఆ కలిసి ఉండుటలో పిల్లలు నేర్చుకొనునదేమో ఎన్నడైనను చూచితిమా? కొడుకు కొట్టుట నేర్చును, కూతురు పడుట నేర్చును.

మన కర్తవ్యము

గురు, లింగ, జంగమములు మనకు ఆధారములు. దీక్ష ఇచ్చు గురువులు వివాహ సమయమున వధూవరులకు చెప్పు మాటలలో ఒకటి చేర్చవలెనని ప్రార్థింతును: ఈ దేహములు రెండును లింగమునకు ఆలయములు, ఒకరిపై ఒకరు చేయి ఎత్తుట లింగద్రోహము. ఇంటింటికి నడచు జంగమమూర్తులు గడపలోపలి మౌనమును గుర్తింపగలరు. చేరువనున్న సఖి కేంద్రము ఎక్కడనో వారికి తెలిసియుండవలెను. మన మఠములలో, కల్యాణమంటపములలో 181 సంఖ్యను స్త్రీలు చూడగల చోట వ్రాసి పెట్టుటకు ఖర్చు లేదు. నెలకొక దినము శిక్షణ పొందిన మహిళా కౌన్సెలరును పిలిపించి, తలుపు గల ఒక గదిని ఇచ్చుటకు పెద్ద ధనము అక్కరలేదు. దాసోహమున వేలమందికి అన్నము పెట్టగలవారము, ఇల్లు విడిచి వచ్చిన ఒక తల్లికి, ఆమె బిడ్డలకు కొన్ని దినములు నీడ చూపలేమా?

కూతురు గల తండ్రులారా! రేపు మీ ఆడపడుచు సంచి చేతపట్టుకొని గడపలో నిలిచినచో "ఎందుకు వచ్చితివి" అని అడుగకుడు. "లోనికి రమ్ము తల్లీ, ముందు కూర్చుండుము" అనుడు. చెప్పినప్పుడు వినుడు. పరువు అను మాట ఆ సాయంకాలము మీ నోట రానీయకుడు. కొడుకు గల తల్లులారా! మీ కోడలి చెంప వాచినప్పుడు మీ కన్నులు ప్రక్కకు తిరుగనీయకుడు. ఆ కన్నులు చూచుచున్నవని తెలిసినచో అతని చేయి ఆగును.

దెబ్బలు తినుచు ఈ మాటలు చదువుచున్న అమ్మా! నీ మెడలోని లింగము నీకు భయమును నేర్పుటకు రాలేదు. నీ కష్టము నీవు నమ్మిన ఒక్కరికి చెప్పుము. వారు వినకున్నచో మరియొకరికి చెప్పుము. గుట్టు విప్పినందున ఏ లంకయు కాలదు. కాలినచో అది కాలవలసిన లంకయే.